నెట్ కార్బ్స్ లెక్క సగం చెప్పి వదిలేస్తే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో కిందటి వారం లో-కార్బ్ డైట్ (కార్బోహైడ్రేట్లు, అంటే పిండిపదార్థాలు తగ్గించి తినే పద్ధతి) మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఈపాటికి ఏ డాక్టరో డైటీషియనో రాసి దిద్దుతారని చూశాను. ఎవరూ పట్టించుకోలేదు. పైగా ఆ వ్యాసం ముక్క ఫోటో తీసి అందరూ ఒకరికొకరు పంపించుకుంటున్నారు. మా బంధువుల్లోనే ఇద్దరు దాన్ని నమ్మి తిండి లెక్క మార్చేశారు. అందులో ఒకరు ఇన్సులిన్ వేసుకునే మనిషి. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

వ్యాసంలో ఉన్నదల్లా ఒక్కటే మాట. మొత్తం కార్బోహైడ్రేట్లలోంచి పీచూ, షుగర్ ఆల్కహాల్సూ (చక్కెర బదులు తీపికోసం కలిపే పదార్థాలు) తీసేయండి, మిగిలినవే నెట్ కార్బ్స్, అవి మాత్రం లెక్కపెట్టుకుంటే చాలు అని. ఏ లేబుల్ మీది అంకెలోంచి తీసేయాలి? ఏ పీచు? ఏ షుగర్ ఆల్కహాల్? ఒక్కదానికీ జవాబు లేదు. కార్బోహైడ్రేట్లు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో డైట్‌లో ఉన్నవాళ్లు సాధారణంగా రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాముల లోపు కార్బ్స్‌తో సరిపెట్టుకుంటారు. వాళ్లకు ఒక్క ప్యాకెట్‌లో పది గ్రాములు తేడా వస్తే ఆ రోజు లెక్కంతా పోయినట్టే.

ముందు లేబుల్ సంగతి చెప్తాను. అమెరికా లేబుల్ మీద ‘మొత్తం కార్బోహైడ్రేట్’ అనే అంకెలో పీచు కలిసే ఉంటుంది. ఆ అంకెను సాధారణంగా నేరుగా కొలవరు. పదార్థం మొత్తం బరువులోంచి నీరు, మాంసకృత్తులు, కొవ్వు, బూడిద (అంటే ఖనిజ లవణాలు) తీసేయగా మిగిలిందంతా ఆ ఖాతాలో వేస్తారు. కాబట్టి అక్కడ పీచు తీసేయడానికి అర్థముంది. యూరప్ లేబుల్ అలా కాదు. 2011 నాటి వాళ్ల నిబంధనల ప్రకారం కార్బోహైడ్రేట్ అంటే మన ఒంట్లో వినియోగమయ్యేది, దానితోపాటు షుగర్ ఆల్కహాల్స్. పీచు ఆ అంకెలో ఉండనే ఉండదు, చూపిస్తే విడిగా చూపిస్తారు. అలాంటి ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ 12 గ్రాములు, పీచు 8 గ్రాములు అని ఉందనుకోండి. మీ వ్యాసం చదివినాయన 4 గ్రాములే తిన్నాననుకుంటాడు. ఒంట్లోకి వెళ్లేది 12. ఏ దేశం సరుకైనా ఇంటికే వచ్చిపడుతున్న రోజుల్లో ఈ ఒక్క వాక్యం రాయడానికి చోటు లేకపోయిందా?

నెట్ లెక్కే మోసమని నేననడం లేదు. దాని పుట్టుక గౌరవమైనది. 1929లో బ్రిటన్‌లో మెకాన్స్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు షుగర్ ఉన్నవాళ్ల కోసం కూరగాయల్లో, పండ్లలో ఒంటికి అందే కార్బోహైడ్రేట్ ఎంత, అందనిది ఎంత అని విడదీసి కొలిచారు. ఆ లారెన్స్ స్వయంగా షుగర్ రోగి, ఇన్సులిన్ వల్ల బతికి బయటపడ్డ మనిషి. రోగి ప్రాణం కోసం పెట్టిన లెక్క అది. సహజంగా దొరికే తిండికి ఇప్పటికీ బాగానే పనికొస్తుంది. 100 గ్రాముల అవిసె గింజల్లో కార్బోహైడ్రేట్ సుమారు 29 గ్రాములుంటే అందులో 27 పీచే. మొత్తం అంకె చూసి భయపడి అవిసె గింజలూ ఆకుకూరలూ మానేసి, మలబద్ధకంతో అవస్థపడే వాళ్లనూ చూస్తున్నాం. వాళ్లకు నెట్ లెక్కే నేర్పాలి.

చిక్కంతా ఫ్యాక్టరీ సరుకుతోనే. ఒక చాక్లెట్ బార్ నా ముందే ఉంది. ముందువైపు బొటనవేలంత అక్షరాలతో ‘నెట్ కార్బ్స్ 2 గ్రాములు’ అని ఉంది. వెనక, మడత కింద, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో మొత్తం కార్బోహైడ్రేట్ 23 గ్రాములు, పీచు 10, మాల్టిటాల్ అనే షుగర్ ఆల్కహాల్ 11. రెండూ తీసేస్తే 2 వచ్చిన మాట నిజమే. కానీ మాల్టిటాల్ పూర్తిగా అరగకుండా పోయేది కాదు. గ్రాముకు సుమారు 2 కేలరీలు ఇస్తుంది, రక్తంలో షుగర్‌ను చక్కెర కన్నా తక్కువగానే అయినా పెంచుతుంది. దాదాపు ఏమీ పెంచనిది ఎరిథ్రిటాల్ అనే మరో షుగర్ ఆల్కహాల్. అందులో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టేశారు మీ వ్యాసంలో. షుగర్ ఆల్కహాల్‌లో సగమే తీసేయమని షుగర్ రోగులకు నేర్పే పద్ధతి ఒకటుంది. అలా చూస్తే ఈ బార్ 7.5 గ్రాములు. ఇక ఆ పీచు ఏమిటా అని పదార్థాల జాబితా చూస్తే ఐసోమాల్టో ఆలిగోశాకరైడ్ అని ఉంది. అది చిన్నపేగులోనే కొంతవరకు అరిగి గ్లూకోజ్ అయిపోతుంది. అందుకే అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ దాన్ని పీచుగా ఒప్పుకోలేదు. దాన్ని తీసేయకుండా లెక్కేస్తే 17.5. ఒకే బార్‌కు 2, 7.5, 17.5! ఇందులో ఏది నమ్మి ఇన్సులిన్ వేసుకోవాలో చెప్పండి.

తూకంలో తేడా వస్తే కేసు పెట్టే అధికారులున్నారు. ఈ అంకెను అడిగే నాథుడు లేడు. ఎఫ్‌డీఏ అంతటి సంస్థే ‘నెట్ కార్బ్స్’ అనే మాటకు చట్టపరమైన నిర్వచనం పెట్టలేదు. అందుకే అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ లేబుల్ మీది మొత్తం కార్బోహైడ్రేట్ అంకెనే చూసుకోమంటోంది. షుగర్ ఆల్కహాల్స్ 10 శాతం దాటితే ‘ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చు’ అని ప్యాకెట్ మీద రాసి తీరాలని యూరప్‌లో నియమం పెట్టగలిగారు. కడుపు గురించి హెచ్చరించమన్నవాళ్లు రక్తంలో షుగర్ గురించి ఎందుకు పట్టించుకోరు? అధికారులు మీటింగుల మీద మీటింగులు పెడతారు, ముసాయిదాల మీద ముసాయిదాలు వేస్తారు. ఈలోపు కంపెనీవాడు తనకు నచ్చిన లెక్క తను వేసుకుంటాడు.

వాళ్లు లాభం కోసం చేస్తున్నారు. పత్రికకు ఏమైంది? ఒకప్పుడు ఆరోగ్యం పేజీలో పేరున్న డాక్టర్లు పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసేవారు. ఇప్పుడు రాసినవారి పేరుండదు, వ్యాసం కింద సగం పేజీ లో-కార్బ్ బిస్కెట్ల ప్రకటన ఉంటుంది. ఏది వ్యాసమో ఏది ప్రకటనో విడదీయలేక నాలాంటివాళ్లు విసిగిపోతున్నారు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇన్సులిన్ మాటే లేకపోవడం. ఎన్ని గ్రాముల కార్బ్స్‌కు ఎన్ని యూనిట్లో డాక్టరు నిర్ణయించేది ఏదో ఒక పద్ధతి ప్రకారమే. మొత్తం లెక్క మీద కట్టిన మోతాదును హఠాత్తుగా నెట్ లెక్కతో వేసుకుంటే ఇన్సులిన్ చాలక షుగర్ పెరగొచ్చు. నెట్ లెక్కకు అలవాటుపడ్డ మనిషి ఉన్నట్టుండి మొత్తం లెక్కకు మారితే ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోవచ్చు, స్పృహ తప్పే ప్రమాదమూ ఉంది. డాక్టరుకు చెప్పకుండా లెక్క మార్చకూడదన్న ముక్క ఆ వ్యాసంలో మొదటి వాక్యం కావాల్సింది.

దయచేసి వచ్చే వారమే సవరణ వేయండి. సహజమైన తిండికి పీచు తీసేయొచ్చనీ, యూరప్ పద్ధతి లేబుల్ అయితే తీయకూడదనీ, షుగర్ ఆల్కహాల్స్ ఉన్న ప్యాకెట్ సరుకుకు ముందువైపు అంకెను నమ్మకుండా వెనక ఉన్న మొత్తం అంకె చూసుకోవాలనీ, అనుమానముంటే తిన్న గంటకూ రెండు గంటలకూ మీటర్‌తో షుగర్ చూసుకోవాలనీ రాయండి. ఇన్సులిన్ హెచ్చరిక అన్నిటికన్నా పైన ఉండాలి. ఎక్కడో లోపలి పేజీలో అడుగున నాలుగు లైన్లు కాదు, వ్యాసం వచ్చిన పేజీలోనే, అంత పెద్ద అక్షరాలతోనే వేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకురాలు