షెడ్డులో బండ్లు పెట్టిన వాళ్లందరికీ: పోయిన వానాకాలం మా వల్ల జరిగిన తప్పు

నమస్కారం. విశాఖలో మన షెడ్డులో కార్లు పెట్టేది ఎక్కువగా రెండు రకాల వాళ్లు. ఆరేసి నెలలు ఓడ మీద ఉండే మర్చంట్ నేవీ వాళ్లు ఒకరు, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఇంకొకరు. పోయిన జూన్ నుంచి నవంబరు దాకా మా దగ్గరున్న బండ్లలో ఏడింటికి లోపల బూజు పట్టింది. ఆ ఏడుగురికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాం. మిగతావాళ్లకు మూడో మనిషి ద్వారా తెలియడం కన్నా మేమే చెప్పడం మేలని ఇది రాస్తున్నాం.

ముందు బయటపడింది ఒక మెరైన్ ఇంజనీరు గారి బండి. ఆయన ఓడ దిగి వచ్చి డోర్ తియ్యగానే గుప్పుమని ముక్కిపోయిన వాసన. స్టీరింగ్ మీద, సీటు బెల్టుల మీద తెల్లగా బూజు. ఆయన కోప్పడలేదు. "ఏమండీ, వారం వారం ఫొటో పంపారు కదా, లోపల ఎప్పుడైనా చూశారా?" అని మాత్రం అడిగారు. చూడలేదు. మేం పంపినవన్నీ కవరు ఫొటోలే.

ఎందుకిలా జరిగిందో మెకానిక్‌తో కూర్చుని ఆలోచిస్తే మొదటి తప్పు మా భయంలో దొరికింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుకి మా పాత షెడ్డు రేకులు లేచిపోయాయి. అందుకే కొత్తది కట్టినప్పుడు చీమ దూరే సందు కూడా లేకుండా మూసేశాం. బయటి వాన రాలేదు గానీ, గచ్చులోంచి పైకొచ్చే చెమ్మ, వానలో తడిసొచ్చిన బండ్ల నీళ్లు లోపలే ఉండిపోయాయి. రాత్రి రేకులు చల్లబడితే ఆ తేమే చుక్కలై కారేది. దానికి తోడు ప్లాస్టిక్ కవర్లు. అన్నం గిన్నె మీద మూత పెడితే ఏమవుతుందో అదే అయింది.

షెడ్డు కిటికీలు తీసి ఉంచితే సరిపోయేది కదా అని కొందరన్నారు. మన ఊళ్లో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటిన రోజులు ఎన్నో. అలాంటి రోజున కిటికీ తెరిస్తే ఉప్పుగాలిని పిలిచి కూర్చోబెట్టినట్టే. అందుకే గాలిలో తేమ లాగేసే యంత్రాలు, డీహ్యూమిడిఫైయర్లు, రెండు కొన్నాం. మొదటి వారం రోజుకు రెండు బకెట్ల నీళ్లు పారబోశాం. ఆ నీళ్లు చూశాక నాకు నిజంగా సిగ్గేసింది.

రెండో తప్పు ఇంజన్ దగ్గర. వారానికోసారి సెల్ఫ్ కొట్టి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచడం గొప్ప సేవ అనుకున్నాం. పెట్రోలు మండితే నీటి ఆవిరి వస్తుంది. ఐదు నిమిషాలకు సైలెన్సర్ సరిగ్గా వేడెక్కదు కాబట్టి ఆ నీరు అందులోనే నిలిచి తుప్పు పట్టిస్తుంది. సెల్ఫ్‌కి పోయిన చార్జి కూడా బ్యాటరీకి పూర్తిగా తిరిగి రాదు. ఇక అది మానేశాం. మీరు ఒప్పుకుంటే నెలకు రెండుసార్లు అరగంట రోడ్డు మీద తిప్పుతాం, ఏసీ కూడా వేస్తాం. వద్దంటే బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేసి బండిని కదపం.

హ్యాండ్ బ్రేక్ ఇక వెయ్యం. రెండు బండ్లకు డ్రమ్ములో పట్టేసి చక్రం కదల్లేదు. గేరులో పెట్టి చక్రాల కింద చెక్క దిమ్మలు పెడతాం. టైర్లలో మామూలుగా పెట్టేదానికన్నా నాలుగైదు పాయింట్లు గాలి ఎక్కువ పెడతాం. ప్లాస్టిక్ కవర్లన్నీ పారేసి గుడ్డ కవర్లు తెచ్చాం. ఇకపై వచ్చే ఫొటోల్లో డ్యాష్‌బోర్డు, సీట్లు, తేమ మీటరు కనిపిస్తాయి.

ఏడు బండ్లకూ క్లీనింగ్ ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఒకదానికి సీటు కవర్లు కూడా మార్చాల్సి వచ్చింది. కరెంటు బిల్లు పెరగడం వల్ల వచ్చే నెల నుంచి అద్దె 2,500 కాకుండా 2,900 అవుతుంది. ఆ ఏడుగురికి మాత్రం ఈ ఏడాదంతా పాత అద్దే.

మీ వైపు నుంచి చిన్న సాయం కావాలి. ట్యాంకు నిండా కొట్టించి ఇవ్వండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో గాలికి చోటెంత తగ్గితే అంత మంచిది. సీట్ల సందుల్లో బిస్కెట్ పొడి లేకుండా దులపండి, ఎలుకలకు అంతకన్నా ఆహ్వానం అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు మీద పూలదండ, బంపరుకు కట్టిన నిమ్మకాయలు కూడా తీసెయ్యండి. దేవుడి మీద భక్తి లేక చెప్పడం లేదు. నాలుగు నెలలు కుళ్లిన దండను బండిలోంచి తీసింది నేనే.

ఇంజనీరు గారు ఈ నెలాఖరుకు మళ్లీ ఓడ ఎక్కుతున్నారు. బండి ఇక్కడే పెడతానన్నారు గానీ, తాళం ఇచ్చేముందు మీటరు చూస్తారట. మేం 60 దాటనివ్వకూడదని పెట్టుకున్నాం. ఈ ఉదయం 58 ఉంది.