బహుమతి తొంభయ్యో రోజున ఇవ్వండి: గంజాం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గంజాం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. బరంపురంలోని చిన్న వ్యాపారులు, సేవా సంఘాలు రోజూ పడే లెక్కల తిప్పలు తీర్చడానికి కోడ్ రాయనక్కర్లేని పనిముట్లతో రెండు రోజుల హ్యాకథాన్ (జట్లుగా కూర్చుని పరిష్కారాలు కట్టే పోటీ) పెట్టమని అడగడానికి ఈ లేఖ. పెడితే మాత్రం రెండో రోజు సాయంత్రం బహుమతులు పంచొద్దని అడగడానికి కూడా.

నో-కోడ్ అంటే కొత్త వింతేమీ కాదు. గూగుల్ షీట్, ఫారం, యాప్‌షీట్ (షీటునే యాప్‌గా మార్చేది), కోబో (సర్వే ఫారాలు నింపించేది), వాట్సాప్ బిజినెస్ లాంటివాటిని అవసరానికి తగ్గట్టు కలిపి కుట్టుకోవడమే. మిషను కుట్టడం వచ్చినవాడికి బట్ట నేయడం రానక్కర్లేదు కదా, అలాగే. బరంపురం శివార్లలోని ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఈ పని ఒక పూటలో నేర్చుకుంటారు. కష్టమంతా అది కాదు. ఏ గళ్ళు ఉండాలి, ఎవరు నింపాలి, తప్పు పడితే ఎవరు దిద్దాలి అన్నది ఖాతా పుస్తకం రాసే మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. కాబట్టి ఆ మనిషి లేని జట్టును లోపలికి రానివ్వొద్దు. యజమాని కొడుకు వస్తే సరిపోదు, రాసే మనిషే రావాలి.

మూడు వారాల ముందు సమస్యలు సేకరించాలి. "మీకు ఏ యాప్ కావాలి?" అని అడిగితే అందరూ అమెజాన్ లాంటిది కావాలంటారు. "నిన్న ఒకే మాటను ఎన్నిచోట్ల రాశారు? ఏ ఫోన్‌కాల్ మళ్ళీ మళ్ళీ వచ్చింది?" అని అడగాలి. వరసగా పది రోజుల పుస్తకం పేజీలను ఫోటో తీసి పంపమనాలి. పన్నెండు సమస్యలు చాలు. ఒక్కో సమస్యకు ఒక బల్ల, బల్లకు నలుగురు: పుస్తకం రాసే మనిషి, ఇద్దరు విద్యార్థులు, తెలుగు ఒడియా రెండూ చదవగలిగే ఒకరు. ఈ నాలుగో మనిషి ఎందుకో కింద చెబుతాం.

అప్పడాల వ్యాపారం తీసుకోండి. పొద్దున్నే పిండి ముద్దలు తూచి ఇళ్ళకు పంపుతారు, ఆడవాళ్ళు ఒత్తి ఎండబెట్టి తెస్తారు, మళ్ళీ తూచి కూలి కడతారు. అడ్వాన్సులు సరేసరి. దీనికి యాప్ చేయమంటే విద్యార్థులు నూటికి తొంభైసార్లు చేసే పని ఒకటుంది: ప్రతి మనిషికీ ఒక వరుస పెట్టి, అందులో "బాకీ" అని ఒక గడి ఉంచి, దాన్నే రోజూ దిద్దించడం. ఇది ముంచుతుంది. ఒకామె బాకీ 500 ఉందనుకోండి. రెండు ఫోన్లలో ఒకేసారి లెక్క తెరిచారు. ఒక ఫోన్‌లో 200 జమ పట్టి 300 అని రాశారు. రెండో ఫోన్‌కి సిగ్నల్ లేదు, అందులో ఇంకా 500 అనే ఉంది, 100 జమ పట్టి 400 అని రాశారు. సిగ్నల్ వచ్చాక రెండో ఫోన్ రాత మొదటిదాని మీద కూర్చుంటుంది. ఆమె 300 కట్టింది, బాకీ 200 ఉండాలి, తెర మీద 400 ఉంది. తెర చూపించి అడుగుతుంటే ఆ ఇల్లాలు ఏమని వాదిస్తుంది? పాత పుస్తకంలో అయితే కనీసం కొట్టివేత కనిపించేది.

మందు చిన్నదే. ఉన్న గడిని ఎప్పుడూ దిద్దకూడదు. ఇచ్చింది ఒక కొత్త వరుస, తెచ్చింది ఇంకో వరుస, జమ ఇంకో వరుస. బాకీని షీటే కూడి చూపించాలి. ప్రతి వరుసకూ యాప్ దానంతటదే పెట్టే విడి గుర్తు ఉండాలి. షీటులోని వరుస సంఖ్యనే గుర్తుగా పెట్టుకుంటే, మధ్యలో ఒక వరుస తీసేసిన రోజున ఒకరి లెక్క ఇంకొకరి మీద పడుతుంది. పిండి ముద్దకూ తిరిగొచ్చిన అప్పడాలకూ ఒకే విడత నంబరు ఉండాలి. తడి పిండి బరువు, ఎండిన అప్పడం బరువు ఒకటి కావు. వానాకాలంలో రెండు రోజులు ఆలస్యంగా, సరిగా ఆరకుండా వచ్చినదాన్ని ఆ రోజు పిండితో సరిచూస్తే లెక్క ఎన్నటికీ కుదరదు.

సేవా సంఘాల నుంచి వచ్చే సమస్యల్లో రక్తదాతల జాబితా తప్పకుండా ఉంటుంది. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చాక పాత పుస్తకం తిరగేస్తూ కూర్చునే పని అది. పురుషులు రక్తం ఇచ్చిన 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు మళ్ళీ ఇవ్వవచ్చు. చివరిసారి ఇచ్చిన తేదీ, దాత పురుషుడో స్త్రీయో తెలిస్తే ఈ రోజు ఎవరిని పిలవచ్చో షీటు చెబుతుంది. అయితే ఆ తేదీ దగ్గరే తంటా. షీటు సెట్టింగుల్లో దేశం అమెరికాగా ఉంటే 05/06 అని కొట్టిన జూన్ 5ని మే 6గా తీసుకుంటుంది. దాతను నెల రోజుల ముందే పిలిచేస్తారు. 25/06 అని కొడితే అలాంటి నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాక అక్షరాలుగా ఉంచేస్తుంది, లెక్కలో కలపదు. గుర్తుపట్టడం సులువు: తేదీ గడిలో ఎడమవైపు అతుక్కుని ఉంటే అది తేదీ కాదు. మొదటి అంకె పడకముందే సెట్టింగుల్లో దేశాన్ని ఇండియాగా మార్చాలి. క్యాలెండర్ నుంచి ఎంచుకునేలా పెడితే ఇంకా మేలు.

ఫోన్ నంబరు పది అంకెలే ఉండాలని షీటులోనే కట్టడి పెట్టాలి. ముందు సున్నా కొట్టినా, +91 కొట్టినా షీటు తనకు తోచినట్టు మారుస్తుంది, ఒకే మనిషి రెండుసార్లు చేరతాడు. దాతలతో వాట్సాప్ గ్రూపు పెట్టొద్దు. ఆడవాళ్ళ నంబర్లు అందరికీ కనబడతాయి, ఆ తర్వాత వాళ్ళు రక్తం ఇవ్వడమే మానేస్తారు. బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టాలి, అందులో సందేశం ఒక్కొక్కరికీ విడిగా వెళుతుంది. ఒక్కో జాబితాలో 256 మందికి మించి పట్టరు. సంఘం నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవాళ్ళకు మాత్రమే సందేశం చేరుతుంది. "పంపాం, ఎవరూ పలకలేదు" అన్న ఫిర్యాదులో సగం దీనివల్లే. శిబిరంలో దాత మంచం మీద ఉన్నప్పుడే నంబరు సేవ్ చేయించాలి. రక్తం గ్రూపుకొక జాబితా ఉంటే 256 చాలావరకు సరిపోతుంది.

ఇక నాలుగో మనిషి సంగతి. మన బరంపురంలో ఒకే అప్పారావు తెలుగు పుస్తకంలో అప్పారావు, ఒడియా రసీదులో ఆపా రావ్, ఇంగ్లీషు బిల్లులో ఇంకో రకం. పేరును బట్టి వెతికే ఏ యాప్ అయినా ఇక్కడ చేతులెత్తేస్తుంది. మనిషిని ఫోన్ నంబరుతోనో, చిన్న కార్డు నంబరుతోనో గుర్తుపట్టాలి. పేరు చదువుకోవడానికి మాత్రమే. ఊళ్ళు, వార్డులు, సరుకుల పేర్లు చేత్తో కొట్టనివ్వకుండా ఎంచుకునే జాబితాలో పెట్టి, ఒక్కోదాని పక్కన తెలుగు, ఒడియా రెండూ ఉంచాలి. డీటీపీ షాపులో అను ఫాంట్లలోనో, ఆకృతి ఫాంట్లలోనో కొట్టిన పాత జాబితాలు షీటులో అతికిస్తే పిచ్చి గీతలుగా మారతాయి. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షరాల్లోకి మార్చి, మనిషి కళ్ళతో సరిచూసే పని హ్యాకథాన్‌కు ముందే అయిపోవాలి. అక్కడ మొదలుపెడితే మొదటి రోజు దానికే పోతుంది.

అలాగే ముందే అయిపోవాల్సింది గూగుల్ ఖాతా. ఖాతా విద్యార్థి పేరు మీద ఉండకూడదు. చదువైపోయి వాడు బెంగళూరు వెళ్ళిన రోజున దుకాణం లెక్కకు తాళం పడుతుంది. దుకాణం పేరుతో, యజమాని చేతిలో ఉండే సిమ్‌తో, వారం ముందే తెరవాలి. యజమాని చేతిలో ఉండే సిమ్ అని ఎందుకంటున్నామంటే, మన జిల్లాలో ఇంటి నంబరంటూ ఇచ్చేది చాలాసార్లు సూరత్ మరమగ్గాల దగ్గర ఉన్న కొడుకు నంబరు. ఓటీపీ అక్కడ మోగుతుంది, వాడు షిఫ్టులో ఉంటాడు, ఇక్కడ బల్ల చుట్టూ నలుగురూ చేతులు కట్టుకుని కూర్చుంటారు.

గజపతి జిల్లా వైపు కొండ పల్లెల్లో పనిచేసే సంఘాలకు గూగుల్ ఫారం ఇవ్వకండి, నెట్ లేకపోతే అది పనిచేయదు. ఫోటో జతచేయమని అడిగే ఫారం అయితే నింపేవాళ్ళకు గూగుల్ లాగిన్ కూడా కావాలి. కోబో కలెక్ట్‌లో నింపినవి ఫోన్‌లోనే ఉండి, సిగ్నల్ తగిలినప్పుడు వెళతాయి. యాప్‌షీట్ కూడా నెట్ లేకుండా నడుస్తుంది కానీ, దాని ఉచితం పదిమందితో పరీక్షించుకునే దశ వరకే. ఆ తర్వాత మనిషికింత అని నెలనెలా కట్టాలి. ఈ మాట మొదటి గంటలోనే బల్ల బల్లకూ చెప్పాలి. ఒక్క ఫోన్‌తో, ఒక్క షీటుతో తీరే పనికి యాప్ కట్టిన జట్టుకు మార్కులు తగ్గించినా మాకు అభ్యంతరం లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సేవా సంఘాలకూ వర్తిస్తుంది. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు, ఒడియా రెండూ అందులో ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అనాథాశ్రమాల జాబితాలను ఇలాంటి చోట అసలు తెరవకపోవడమే మంచిది. ఉత్తుత్తి పేర్లతో నమూనా చేసుకుని, అసలువి ఆశ్రమంలోనే ఎక్కించుకుంటారు. "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అన్న సెట్టింగు ఏ బల్ల మీద కనబడినా మూయించాలి.

తేదీల విషయానికొస్తే జూలై, ఆగస్టు అనుకూలం. వానలకు అప్పడాల పని మందగిస్తుంది, మనుషులు దొరుకుతారు. ఠకురాణి అమ్మవారి యాత్ర జరిగే ఏడాది ఆ యాత్ర రోజుల దరిదాపులకు పోవద్దు, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. అక్టోబరు వద్దే వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. కరెంటు, టవర్లు పోయినప్పుడు రక్తదాతల జాబితా క్లౌడ్‌లో భద్రంగా ఉండి ఎవరికి లాభం? ప్రతి ఆదివారం ఒక కాగితం ముద్రించి గోడకు తగిలించడం ప్రతి పరిష్కారంలోనూ భాగం కావాలి.

ఇప్పుడు బహుమతి సంగతి. సొమ్ములో నాలుగో వంతు రెండో రోజు ఇవ్వండి. మిగతా మూడు వంతులు హ్యాకథాన్ అయిన తొంభయ్యో రోజున. ఆ రోజు మీ కార్యాలయం నుంచి ఒకరు చెప్పాపెట్టకుండా దుకాణానికి వెళ్ళి నాలుగు చూడాలి: గడిచిన ఏడు రోజుల లెక్క ఎక్కిందా, పుస్తకం రాసే మనిషి విద్యార్థికి ఫోన్ చేయకుండా తప్పు పడ్డ లెక్కను సరిచేయగలుగుతున్నారా, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, గోడ మీద కాగితం ఏ ఆదివారానిది. ఈ తొంభై రోజులూ ప్రతి బల్లకూ వారానికి ఒక గంట ఒక విద్యార్థి వెళ్ళాలి, దానికి దారిఖర్చు బడ్జెట్లో ఉండాలి. హాలుకు, భోజనాలకు, జ్ఞాపికలకు పోసే డబ్బులో కోత పెట్టి అయినా ఇది పెట్టండి.

పన్నెండింట్లో అయిదే నిలిస్తే అయిదుగురికే ఇవ్వండి. మిగతా ఏడు ఎందుకు ఆగాయో తెలుగులో, ఒడియాలో ఒక్కో పేజీ రాయించి ఛత్రపురం కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టించండి. పర్లాకిమిడి, రాయగడ వాళ్ళు ఇలాంటిది పెట్టేటప్పుడు ముందుగా చదవాల్సింది ఆ ఏడు పేజీలే.

ఇట్లు,
బరంపురంలో దుకాణాలకూ సేవా సంఘాలకూ లెక్కల షీట్లు కట్టిపెట్టే కొందరు తెలుగువాళ్ళం