మొహమాటం లేకుండా డబ్బు అడగడం

నేస్తం,

నీ ఉత్తరం అందింది. ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పని మొదలుపెడుతున్నావని చదివి ఎంత సంతోషపడ్డానో! కానీ చివర్లో "డబ్బుల సంగతి తర్వాత చూసుకోవచ్చులే" అన్నావు చూడు, అక్కడ మనసు కలుక్కుమంది. నేనూ అచ్చం అలాగే అనుకున్నాను మరి.

మొదటి ఏడాది నా దగ్గరికి ఒక పాప వచ్చేది. సాయంత్రం వాళ్లమ్మ పాపని చంకనేసుకుని, గుమ్మంలోనే "ఈ నెలది వచ్చే వారం సర్దుతానండీ" అనేది. నేను "పర్లేదండీ" అనేదాన్ని. అలా రెండు నెలలయ్యాక ఒక సోమవారం పాప రాలేదు. ఫోన్ ఎత్తలేదు. పాప గౌను ఒకటి, జడ రబ్బరు ఒకటి నా అలమరలో చాన్నాళ్లు అలాగే ఉండిపోయాయి. డబ్బు పోవడం ఒకెత్తు, ఆ పిల్లకి టాటా అయినా చెప్పలేకపోవడం ఒకెత్తు.

అప్పట్నుంచి నెల మొదట్లోనే తీసుకుంటున్నాను. చేర్చుకునేటప్పుడు 2 వారాల అడ్వాన్సు, మానేసేటప్పుడు 2 వారాల ముందు కబురు. ఆ అడ్వాన్సు చివరి రెండు వారాలకి సరిపెడతాను. అన్నీ కాగితం మీద రాసి, సంతకాలు చేసి, చెరో కాపీ ఉంచుకుంటాం. డబ్బు ముట్టగానే రసీదు రాసిచ్చేస్తాను.

"బాబు ఈ వారం మూడు రోజులే వచ్చాడు కదండీ" అని నిన్నూ అడుగుతారు. వాళ్లు ఇచ్చేది హాజరుకి కాదు, చోటుకి. వాడికి జ్వరమొచ్చిందని ఆ రెండు రోజులకి ఇంకో బిడ్డని తెచ్చుకోలేం కదా! నేను సెలవు పెట్టిన రోజులకి మాత్రం తీసుకోను. అది నా పద్ధతి, నీది నువ్వు ఆలోచించుకో.

ఆలస్యం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒక బాబు బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని తలుపు దగ్గరే కూర్చునేవాడు. బయట ఏ బండి ఆగినా లేచేవాడు. తన వాళ్లు కాదని మళ్లీ కూలబడేవాడు. ఆ మొహం చూడలేకే ఆలస్య రుసుము పెట్టాను. 10 నిమిషాలు ఓపిక పడతాను, ఆపైన ప్రతి 15 నిమిషాలకీ లెక్కే. తొలిసారి అడిగినప్పుడు నా గొంతు వణికింది. మర్నాటి నుంచి వాళ్ల నాన్న టైముకి వచ్చాడు.

బాకీ మాట పిల్లల ముందు ఎత్తకు. వాళ్లకి అన్నీ అర్థమవుతాయి. రాత్రి మెసేజ్ పెట్టు: "ఈ నెల ఫీజు ఇంకా రాలేదండీ. శుక్రవారంలోగా ఇవ్వండి, లేకపోతే సోమవారం నుంచి పాపని తీసుకోలేను." అంతే. "ఏమనుకోకండి" అని మొదలుపెట్టావంటే నీదే తప్పన్నట్టు ఉంటుంది. అన్నాక మాట మీద నిలబడాలి. నేను ఒక్కసారి నిజంగానే బిడ్డని వెనక్కి పంపాను. తలుపేసుకుని ఏడ్చాను కూడా. డబ్బు ఆ సాయంత్రమే వచ్చింది.

ఉద్యోగం పోయిందని గడువుకి ముందే తనంతట తనే వచ్చి చెప్పిన తల్లి విషయం వేరు. ఆవిడకి వాయిదాలు చేసి, తేదీలు రాసుకున్నాం. పైసాతో సహా తీర్చింది.

నీ కాగితం రాయగానే నాకు పంపు. మొదటి బిడ్డ నీ గడప తొక్కకముందే ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ నేస్తం