హెడ్‌లైట్ మార్చేవారు వైరింగ్ కూడా చూసుకోవాలి

సంపాదకులు గారికి,

కారు హెడ్‌లైట్లు సొంతంగా మార్చుకోవడం గురించి వచ్చే చిట్కాలు చాలావరకు బల్బు దగ్గరే ఆగిపోతున్నాయి. ఎన్ని వాట్లది కొనాలి, తెలుపా పసుపా అన్నదే చర్చ. చిక్కంతా వచ్చేది కప్లర్లలో (బల్బు వెనక వైర్లు బిగించే ప్లగ్గుల్లో), ఎర్త్‌లో (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారిలో), ఫ్యూజు డబ్బాలో. ఆ సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

మామూలు హెచ్4 బల్బు, అంటే హై బీమ్‌కూ లో బీమ్‌కూ చెరో ఫిలమెంటు ఉండే బల్బు, 60/55 వాట్లది. 12 వోల్టుల లెక్కన ఒక్కోటి 5 ఆంపియర్ల దాకా లాగుతుంది. దాని చోట 100/90 వాట్లది బిగిస్తే హై బీమ్‌లో రెండింటికీ కలిపి 16 ఆంపియర్లు దాటుతుంది. వైరు, స్టీరింగ్ దగ్గరి స్విచ్చు, ప్లాస్టిక్ హోల్డరు మాత్రం పాతవే. ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు ఎర్రటి 10 ఆంపియర్ల ఫ్యూజు పీకి పసుపుపచ్చ 20 పెట్టేస్తారు. ఇంతకు మించిన పొరపాటు లేదు. ఫ్యూజు ఉన్నదే వైరును కాపాడటానికి. దాన్ని పెంచాక ముందు కాలేది వైరే, అదీ డాష్‌బోర్డు వెనక, చెయ్యి దూరని చోట. నిజానికి 100 వాట్ల బల్బు అవసరమే లేదు. చాలా దేశాల్లో రోడ్డు మీద వాడనివ్వరు కూడా.

వెలుతురు తగ్గిందనిపిస్తే ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరు తీయండి. ఇంజిన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులున్నాయో, కప్లర్ వెనక నుంచి బల్బు పిన్నుల దగ్గర ఎన్ని ఉన్నాయో చూడాలి. బల్బు పీకేసి చూస్తే లూజ్ కాంటాక్టు కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది. తేడా అర వోల్టు లోపైతే ఫర్వాలేదు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పోతుంది. తర్వాత బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ పాడైనట్టే. లో బీమ్‌లో (డిమ్‌లో) ఉండగా హై బీమ్ ఇండికేటర్ మసకగా వెలగడం కూడా దీని లక్షణమే: ఎర్త్ దొరకని కరెంటు రెండో ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. ఎర్త్ పాయింటు విప్పి, పెయింటు, తుప్పు గీకి, మెరిసే లోహం మీద లగ్గు (వైరు చివర ఉండే లోహపు తునక) బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు.

వైరులోనే వోల్టేజీ పోతుంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) వేసుకోవడం మేలు. హై బీమ్‌కొకటి, లో బీమ్‌కొకటి. రిలే మీద ఉండే అంకెల ప్రకారం 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 87 నుంచి బల్బులకు అదే మందం, 86కు పాత హెడ్‌లైట్ వైరు, 85కు ఎర్త్. మామూలు బల్బులకైతే ఒక్కో రిలేకు 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. రిలే పక్కన పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరుకు రక్షణే ఉండదు. బానెట్ అంచుకు ఒరుసుకుని షార్ట్ అయితే ఆపేది ఏదీ లేదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కొన్ని కార్లలో, ముఖ్యంగా కొన్ని జపాన్ మోడళ్లలో, స్విచ్చు నెగటివ్ వైపు ఉంటుంది. అక్కడ హెచ్4 కప్లర్‌లోని ఉమ్మడి పిన్ను పాజిటివ్. దాన్ని ఎర్త్ అనుకుని బాడీకి కలిపితే నేరుగా షార్టే. మీటరుతో తేల్చుకున్నాకే వైరు కోయాలి. అలాంటి కారులో 86కు ఆ పాజిటివ్, 85కు స్విచ్చు నుంచి వచ్చే నెగటివ్ ఇవ్వాలి.

పోగులు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు ఇంజిన్ వేడికి నిలవవు; జిగురు కరిగి టేపు జారిపోతుంది. టంకం వేసినా, అది పాకిన చోట వైరు బిరుసెక్కి అదురుకు విరుగుతుంది. సరైన సైజు లగ్గును క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని పట్టేది) తొడగడమే నయం.

ఎల్‌ఈడీకి మారినవారికి మినుకుమినుకుమనడం, బల్బు పోయిందన్న హెచ్చరిక రావడం మామూలే. దాన్ని ఆపడానికి, పాత బల్బులా కరెంటు లాగేలా, అమ్మే 6 ఓమ్‌ల రెసిస్టరు ఒక్కోటి 30 వాట్ల దాకా వేడి కక్కుతుంది. దాన్ని వైర్ల కట్టకు టై కట్టి వదిలేయకుండా బాడీ లోహానికి బోల్టుతో బిగించాలి. పైగా హాలోజన్ రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ పెడితే కాంతి చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. వైరింగ్ ఎంత బాగా చేసినా అది సరికాదు.

పనంతా అయ్యాక లైట్లు పావుగంట వెలిగించి ఆపి, ఫ్యూజు హోల్డరునూ రిలే అడుగునూ తాకి చూడండి. బల్బు కప్లర్ ఎలాగూ వేడిగానే ఉంటుంది. ఈ రెండు చోట్ల చురుక్కుమంటే మాత్రం లోపల పిన్ను లూజుగా ఉందని అర్థం. ఆ రాత్రి బండి తీయకండి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్