ఆపేసిన డివిడెండ్, చెప్పని కారణం

కంపెనీ సెక్రటరీ గారికి,

విషయం: ఈ ఏడాది డివిడెండ్ ఇవ్వకపోవడం, అడిగితే సరైన జవాబు రాకపోవడం గురించి.

అయ్యా,

మీ కంపెనీలో నాకు 400 షేర్లున్నాయి. 2016లో ఒక్కోటి 310 రూపాయలకు కొన్నాను, ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు. ఏటా ఆగస్టు చివరికల్లా షేరుకు 6 రూపాయల చొప్పున 2,400 నా ఖాతాలో పడేవి. ఈసారి మెసేజ్ రాలేదు. "మర్చిపోయారేమో, ఒకసారి అడగండి" అంది మా ఆవిడ. వార్షిక నివేదిక తిరగేస్తే తెలిసింది, మర్చిపోలేదు, బోర్డు అసలు సిఫార్సే చేయలేదు.

2,400 కోసం ఇంత ఉత్తరమా అనుకోకండి. సహకార బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. డివిడెండ్ ఊరికే వచ్చే డబ్బు కాదని తెలుసు. 6 రూపాయలు ఇస్తే ఎక్స్-డేట్ నాడు (ఆ రోజు నుంచి కొన్నవాళ్ళకు ఆ డివిడెండ్ రాదు) షేరు ధర కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి దాని మీద పన్ను మా నెత్తినే పడింది. బోర్డు సిఫార్సు చేయకపోతే అడిగి తీసుకునే హక్కు లేదనీ తెలుసు. నా గొడవల్లా, మాకివ్వకుండా ఉంచుకున్న డబ్బుతో ఏం చేస్తున్నారని.

మీ నివేదికలోని అంకెలే చెప్తాను. నికర లాభం 240 కోట్లు. బ్యాంకు డిపాజిట్లలో, లిక్విడ్ ఫండ్లలో 840 కోట్లు, అంటే షేరుకు 70 రూపాయలు. దాని మీద వచ్చింది 58 కోట్లు, ఏడు శాతం కూడా లేదు. పన్ను పోతే మిగిలేది ఐదు శాతం పైచిలుకు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడం నాకూ వచ్చండీ. మా వీధి చివరి బ్యాంకులో సీనియర్ సిటిజన్ అని ఇంకో అర శాతం ఎక్కువే ఇస్తారు.

"షేరు ధర రెట్టింపైంది కదా" అన్నారు వాటాదారుల వార్షిక సభలో చైర్మన్ గారు. ఎలా అయిందో చూద్దాం. నేను కొన్నప్పుడు షేరుకు లాభం 15 రూపాయల 50 పైసలు, పీఈ (అంటే ధర ఆ లాభానికి ఎన్ని రెట్లో) 20. ఇప్పుడు లాభం 20 రూపాయలు, ధర 620, పీఈ 31. ఇన్నేళ్ళలో లాభం పెరిగింది 30 శాతం లోపే. మిగతాదంతా మార్కెట్ హుషారు. రూపాయి లాభానికి అప్పట్లో 20 పెట్టినవాళ్ళు ఇప్పుడు 31 పెడుతున్నారు, అంతే. రేపు వాళ్ళ మనసు మారి పీఈ మళ్ళీ 20కి దిగితే ధర 400 అవుతుంది. అప్పుడు నాకు మిగిలేది షేరుకు 90 రూపాయలు, ఇదివరకు ఇచ్చిన డివిడెండ్లు. మార్కెట్ మూడ్ మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. డివిడెండ్, లాభం మాత్రం మీ చేతిలోవే. మొదటిది ఆపేశారు. రెండోది నత్తనడక నడుస్తోంది.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లిస్టయిన కంపెనీలకు పెట్టిన ఎల్‌ఓడీఆర్ నియమాల్లో నిబంధన 43ఎ ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1,000 కంపెనీలు డివిడెండ్ పంపిణీ విధానం ప్రకటించాలి, అట్టిపెట్టుకున్న లాభాల్ని ఎలా వాడతారో అందులో చెప్పాలి. మీదీ వెబ్‌సైట్‌లో ఉంది. మామూలుగా లాభంలో 30 శాతం ఇస్తామని, ఇవ్వకపోతే కారణం చెప్తామని రాసుకున్నారు. చెప్పిన కారణం "భవిష్యత్ వృద్ధి అవకాశాల దృష్ట్యా". కొత్త ప్లాంటు పెడితే ఏ ఊళ్ళోనో చెప్పలేదు, ఖర్చు అంచనా లేదు, గడువు లేదు.

రెండు ఈమెయిళ్ళు పెట్టాను. రెండింటికీ కామా కూడా మారకుండా ఒకటే జవాబు: బోర్డు అన్ని అంశాలూ పరిశీలించిందట. రెండోదాంట్లో నన్ను "డియర్ మేడమ్" అన్నారు. వీడియోలో జరిగిన ఆ వార్షిక సభలో మాట్లాడటానికి ముందుగానే పేరు నమోదు చేసుకున్నాను. ఇచ్చింది రెండు నిమిషాలు. "సార్, వినబడుతోందా" అనడంతోనే ఒకటి అయిపోయింది. 840 కోట్ల దగ్గరికి వచ్చేసరికి మ్యూట్ చేశారు.

ఆ 840 కోట్లలో వ్యాపారానికి ఎంత కావాలి, దేనికి, ఎప్పటిలోగా ఖర్చు పెడతారు, రాతపూర్వకంగా చెప్పండి. ప్లాను ఉంటే నా 2,400 ఉంచేసుకోండి, సంతోషమే. లేకపోతే మిగులును ప్రత్యేక డివిడెండ్‌గా పంచే విషయం వచ్చే బోర్డు సమావేశం ముందు పెట్టండి. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తాను. మీ రెండు ఈమెయిళ్ళూ దానికి జతచేస్తాను.

ఇట్లు,
మీ వాటాదారు
హనుమకొండ

(డీమ్యాట్ వివరాలు విడిగా జతచేశాను. సంబోధన ఈసారి "అయ్యా" అని ఉంటే చాలు.)