చురుకైన పిల్లని క్లాసు లీడర్ని చేసి ఊరుకుంటున్నాం

సంపాదకుడు గారికి,

పలాస వైపు ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన సెకండరీ గ్రేడ్ టీచర్ని. నాలుగో తరగతి పిల్ల ఒకర్తె ఓసారి నన్నడిగింది: "మాస్టారూ, 240 రకం పప్పు కన్నా 320 రకం సవకేటి? అంకె పెద్దది కదా!" వాళ్ళమ్మ జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. పౌండుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే అంకె అది అన్నాను. మిగతాది తనే అల్లుకుంది. "అయితే అంకె పెరిగితే పప్పు సన్నమైపోద్ది. 160 రకం ఉంటే 320 దానికి రెండింతలు లావుండాల." విలోమానుపాతం పెద్ద తరగతుల పాఠం. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు.

నేను చేసిన మేలేమిటంటే, ఆ పిల్లని క్లాసు లీడర్ని చేసి, ఒకటో తరగతి వాళ్ళచేత అఆలు దిద్దించే పని అప్పజెప్పడం. ఐదు తరగతులకీ ఇద్దరమే టీచర్లం మరి. తన పని పది నిమిషాల్లో ముగించేసే పిల్ల దొరికితే అదే మాకు ఆసరా. సాటి టీచర్లు ఈ మాట కాదనరు. మొన్నామధ్య బజార్లో కనిపించింది, ఇంటర్లో సీఈసీ తీసుకుందట. "లెక్కలు బోరు కొట్టేశాయి మాస్టారూ" అని నవ్వింది. సీఈసీ తక్కువదని కాదు, ఆ బోరు కొట్టించిన వాళ్ళలో నేనూ ఉన్నానని నా బాధ.

తెలివైన పేదపిల్లలకి నవోదయ ఉంది కదా అంటారు. ఉంది. మనకి వెన్నెలవలస, విజయనగరానికి కిల్తంపాలెం. మంచి బడులే. కానీ ఆరో తరగతిలో ఏటా 80 సీట్లు, ఐదులో ఉండగా ఒక్కసారే రాయాలి. 75 శాతం గ్రామీణ పిల్లలకే అన్నా ఇంటి ఆదాయం చూడరు, పల్లెలోని ప్రైవేటు బడి పిల్లాడూ గ్రామీణుడే. ముందుగా కోచింగ్‌కి పంపగలిగిన ఇంటిదే పైచేయి. ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతనానికి ఆదాయ పరిమితి ఉంది, ఏడాదికి 12,000 రూపాయలిస్తారు. అది ఎనిమిదో తరగతిలో రాయాలి. నేను చెప్పే పిల్లకి విసుగు నాలుగులోనే పుట్టింది.

2021లో నిపుణ్ భారత్ వచ్చాక చదవడం, కూడికలు రాని పిల్లల మీద దృష్టి పెరిగింది. పెరగాల్సిందే. అవన్నీ ఎప్పుడో వచ్చేసిన పిల్లని ఏం చేయాలో మాత్రం చెప్పేవారు లేరు. ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకి అదనపు సామగ్రి ఇచ్చి ప్రోత్సహించాలని 2020 జాతీయ విద్యావిధానంలో రాసి ఉంది. రాసి ఉంది, అంతే.

నేను కోరేది మూడో తరగతిలో జిల్లాలోని ప్రతి సర్కారు బడి పిల్లకీ ఒక చిన్న పరీక్ష. ఇచ్ఛాపురం వైపు ఒడియా, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళలో సవర మాట్లాడే పిల్లలున్నారు కాబట్టి బొమ్మలూ ఆకారాలతోనే ఉండాలి. ఎవరూ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. ఇది ముఖ్యం. అమెరికాలో ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో టీచరో తల్లిదండ్రులో సిఫారసు చేసిన పిల్లల్నే ప్రతిభా తరగతులకి పరీక్షించేవారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు అందులో బహు తక్కువ. 2005లో రెండో తరగతి వాళ్ళందరికీ పరీక్ష పెట్టడం మొదలయ్యాక వాళ్ళ సంఖ్య బాగా పెరిగింది. నిధుల్లేవని ఆపేశాక మళ్ళీ పాత తేడాలే.

తండ్రి పోయిన గురజాడ అప్పారావుని విజయనగరంలో ఎం.ఆర్. కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు చేరదీసి, తిండీ నీడా ఇచ్చి చదివించారు. అలాంటివారి కంట పడటం అదృష్టం. నా క్లాసులో పిల్లకి నేను దొరికాను.

ఎంపికైన పిల్లలకి వారానికో పూట, శనివారం, దగ్గర్లోని హైస్కూల్లో తరగతి పెట్టాలి. రానూపోనూ ఆటో ఖర్చూ భోజనమూ ఇవ్వాలి. "ఒక పూట పని మానేసి దింపితే కూలి పోద్ది బాబూ" అన్న తల్లుల్ని చాలామందిని చూశాను. చెరువు గట్టు కొలవనివ్వండి, కొబ్బరితోటలో కాయల లెక్క అంచనా కట్టనివ్వండి, పులిజూదంలో మేకలు గెలిచే ఎత్తు వెతకనివ్వండి. నవోదయ మోడల్ పేపర్లు మాత్రం వద్దు. పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు అసలే వద్దు. ఒకసారి తప్పిన పిల్లని మరుసటేడు మళ్ళీ చూడాలి.

చెప్పేవాళ్ళు లేరనుకోను. వమరవల్లి డైట్‌లో టీచరు శిక్షణ పొందేవాళ్ళున్నారు, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ పిల్లలున్నారు, మాలాంటి రిటైరైన వాళ్ళున్నారు. జిల్లా విద్యాశాఖ ముందు రెండు మండలాల్లో మొదలుపెట్టినా చాలు. వాటిలో మాది ఒకటైతే శనివారాలు నేను వస్తాను, జీతం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా