ఊడిన పేజీల సంగతి

మా దగ్గర పుస్తకాలు అచ్చు వేయించుకునే మీ అందరికీ,

గత రెండు నెలల్లో మేం బైండింగ్ చేసిచ్చిన పుస్తకాల్లో కొన్నింటికి పేజీలు ఊడుతున్నాయి. ఏడుగురు ఫోన్ చేశారు. మొదటి ముగ్గురికి "గాలిలో తేమ ఎక్కువగా ఉందండీ" అని సర్దిచెప్పాను. తేమ ఉన్న మాట నిజమే, కానీ తప్పు తేమది కాదు.

కాగితంలో నార ఉంటుంది, అది ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకుని ఉంటుంది. ఆ దిక్కు పుస్తకం వెన్ను వెంబడి నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే తేమకి ఉబ్బి, వెన్ను దగ్గర జిగురు పట్టు వదులుతుంది. ఆర్డరులో స్పష్టంగా రాసినా సరఫరాదారు అడ్డనార కాగితం పంపాడు. కట్ట మీద చీటీ మాత్రం నిలువు నార అనే ఉంది! నిలదీస్తే "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అన్నాడు. ఎవరూ అడగకపోతే నార తిరిగి పడుకుంటుందా? ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అయితే ఆ కాగితం మీ చేతిదాకా రావడం మా నిర్వాకమే. బైండింగ్ చూసే పెద్దాయన మొదటి రోజే షీటు వంచి చూసి పట్టేశారు. నాతో మాత్రం అనలేదు. ఎందుకని అడిగితే, "పోయినసారి జిగురు బాగాలేదని చెబితే ఏమన్నారో గుర్తుందా సార్" అన్నారు. గుర్తుంది. అందరూ వింటుండగా "మీ పని మీరు చూసుకోండి" అన్నాను.

అదే నెలలో ప్రూఫులు చూసే అమ్మాయి మానేసింది. జీతం పెంచుతానన్నాను. "జీతం గురించి కాదండీ, రేపు ఏ పని ముందో రాత్రి పదకొండింటికి మీ మెసేజ్ చూస్తేగానీ తెలియట్లేదు" అంది. రోషం వచ్చింది. ఒకటో తారీకు దాటనివ్వకుండా జీతాలిచ్చేవాణ్ని, ఇంకేం కావాలి?

మీలోనే మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే ఒకరి దగ్గర ఈ ఏడుపు ఏడిస్తే, హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సంగతి చెప్పారు. ఆయన బృందం సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కదిలించి 1959లో తేల్చిందిదీ: జీతం సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, ఉన్నంతమాత్రాన సంతృప్తి పుట్టదు, అది గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి వస్తుంది. దీన్ని తప్పుబట్టినవాళ్లూ ఉన్నారట. నేనూ వాళ్ల పక్కన నిలబడదామనుకున్నాను. కానీ ఆ పాఠాలు చెప్పేవారు రెండో సంగతి ఎత్తారు. ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో చూస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా లెక్కకొచ్చాయి. అక్కడివాళ్లు బయటికి చెప్పుకోగలిగారు, అందుకు. మా దగ్గర రెండేళ్లుగా లోపలినుంచి ఒక్క ఫిర్యాదూ లేదని నేను మీతోనే ఎన్నిసార్లు గొప్పలు పోయానో!

పెద్దాయనకి క్షమాపణ చెప్పాలని ఆ రోజే తెలుసు. ఎలా చెప్పాలన్నదానికి నాలుగు రోజులు పట్టింది. నా గదిలోకి పిలిచి చెబితే సులువు. కానీ తిట్టింది అందరి ముందు. యజమాని తగ్గితే రేపు ఎవరూ మాట వినరని ఒక భయం. కాగితం మీద రాసుకున్నాను, చించేశాను. చివరికి ఒక సోమవారం, మెషిన్లు వేయకముందు, జిగురు డబ్బా వంక చూస్తూ రెండు ముక్కలు చెప్పాను. ఆయన "సరే సార్, ఆ కట్టలు పక్కన పెట్టిద్దామా" అన్నారు. అంతే.

ఇప్పుడు అనుమానం వస్తే ఎవరైనా మెషిన్ ఆపొచ్చు. పోయిన వారం రెండుసార్లు ఆపారు, ఒకసారి అనవసరంగా. నోరు కట్టేసుకున్నాను, అదెంత కష్టమో చెప్పలేను. పని వేళలు దాటాక మెసేజ్‌లు మానేశాను. ఆ అమ్మాయి తిరిగి రాలేదు, కాబట్టి ప్రూఫులు మూడు రోజులు ఆలస్యమవుతాయి.

పాడైన పుస్తకాలు తీసుకురండి, డబ్బు అక్కర్లేదు. నార మార్చలేం కనుక దారంతో పక్క కుట్టు వేస్తాం. పుస్తకం పూర్తిగా విచ్చుకోదు. అది నచ్చకపోతే మళ్లీ అచ్చు వేసిస్తాం. నేరుగా పెద్దాయనకే ఇవ్వండి. ఏది కుట్టాలో, ఏది అచ్చుకి పంపాలో ఆయనే చెబుతారు, నన్ను అడగనక్కర్లేదు.